నెట్ పోయినా రికార్డింగ్ ఆగకూడదు: గోదావరి డెల్టా ఇళ్లలో కెమెరాల నెట్‌వర్క్

తుపాను వస్తోందంటే కరెంటు ముందే తీసేస్తారు. గాలి మొదలయ్యాక ఎక్కడో ఓ కొబ్బరి మట్ట విరిగి స్తంభాల మీది ఫైబర్ తీగ మీద పడుతుంది. దాంతో నెట్ కూడా పోతుంది. హైదరాబాద్‌లోనో కువైట్‌లోనో ఉన్న కొడుకు ఫోన్లో యాప్ తెరిస్తే నాలుగు నల్లటి గళ్లు, మధ్యలో తిరిగే చక్రం. అమలాపురం పక్క ఊళ్లో అమ్మానాన్నలు ఎలా ఉన్నారో తెలియదు. మర్నాడు కరెంటు వచ్చాక చూస్తే రాత్రి ఎనిమిదిన్నర నుంచి పొద్దున్న పదకొండు దాకా రికార్డింగే లేదు. కెమెరాలు పెట్టించుకున్నది సరిగ్గా అలాంటి రాత్రి కోసమే.

ఇందులో కెమెరాల తప్పేమీ లేదు. రెండు వేలకు దొరికే కెమెరా కూడా ఈ రోజుల్లో బొమ్మ బాగానే చూపిస్తోంది. దాని వెనకున్న ఏర్పాటే బలహీనం. ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చిన డబ్బా, దాని వైఫై, ఆ డబ్బా ప్లగ్గు పెట్టిన వదులు సాకెట్టు, వీటి మీద కాపలా అంతా ఆధారపడి ఉంటుంది. డబ్బంతా కెమెరాల మీద పెట్టి, వైరుకీ కరెంటుకీ మిగిలినదేదో సర్దితే ఇలాగే అవుతుంది. నెట్‌వర్క్ వేయించేటప్పుడు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటే: నెట్ లేని రోజున ఇది ఏం చేస్తుంది? ఆ ఇంటికి అసలు ఇంటర్నెట్టే లేదనుకుని మొత్తం వేసి, పనిచేస్తోందని చూసుకుని, ఆఖర్న నెట్ తగిలించాలి. చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. ‘ఫోన్లో కనబడతాయండి’ అన్న మాటతో బేరం మొదలవుతుంది, ఫోన్లో కనబడగానే పని అయిపోయిందనుకుంటారు.

చూడటం వేరు, దాచడం వేరు. ఐపీ కెమెరా అంటే లెన్సు పెట్టిన చిన్న కంప్యూటర్. తీసిన బొమ్మని అక్కడే కుదించి, నెట్‌వర్క్ వైరు మీదో వైఫై మీదో పంపిస్తుంది. ఆ పంపింది ఎక్కడ చేరుతుందన్నదే అసలు విషయం. కెమెరాలోని మెమరీ కార్డులో చేరితే కెమెరాతో పాటే రికార్డింగూ పోతుంది, దొంగ దాన్ని పీక్కుపోతే సాక్ష్యం కూడా వాడి సంచిలోనే ఉన్నట్టు. కంపెనీ క్లౌడ్‌లో చేరాలంటే నెట్ ఉండాలి, నెలనెలా డబ్బు కట్టాలి. ఇంట్లోనే ఓ మూల ఎన్వీఆర్ (కెమెరాలు పంపిందంతా తీసుకుని దాచే రికార్డరు డబ్బా) పెట్టి, అందులోని హార్డ్ డిస్కులో చేర్చుకుంటే ఇంటర్నెట్‌తో పని లేదు. కెమెరా నుంచి ఎన్వీఆర్ దాకా దారి ఇంట్లోనే ఉంటుంది, కంపెనీ సర్వరు ఆగిపోయినా, బిల్లు కట్టడం మర్చిపోయినా, వీధిలో ఫైబర్ తెగినా రికార్డింగు సాగుతుంది. మెమరీ కార్డు, క్లౌడ్ అదనపు జాగ్రత్తకు పనికొస్తాయి. పునాది మాత్రం ఎన్వీఆరే కావాలి.

డిస్కు ఎంత ఉండాలన్నది లెక్క వేసుకోవచ్చు, అమ్మేవాడి మాట మీద వదిలేయక్కర్లేదు. 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో సెకనుకు సుమారు 2 మెగాబిట్లు పంపుతుందనుకుందాం. ఎనిమిది మెగాబిట్లయితే ఒక మెగాబైటు. గంటకు 0.9 జీబీ, రోజుకు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు రోజుకు 86 జీబీ పైచిలుకు. అంటే 1 టీబీ డిస్కు పదకొండు రోజులకు నిండి, పాతది చెరిపేసి కొత్తది రాయడం మొదలెడుతుంది. 4 మెగాబిట్లు పంపే 4 మెగాపిక్సెల్ కెమెరాలైతే ఆరు రోజులు కూడా రాదు. పాత హెచ్.264 పద్ధతిలో వదిలేస్తే ఇంచుమించు ఇందులో సగం రోజులే. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెడితే ఎన్నో రోజులు వస్తుందని చెబుతారు గానీ, కొబ్బరాకు ఊగని క్షణం ఉండని డెల్టాలో ఆ పొదుపు కాగితం మీదే మిగులుతుంది. ఇరవై నాలుగు గంటలకూ లెక్క వేసుకోవడమే మంచిది.

ఎన్ని రోజులు దాచాలన్నది, పోయిన సంగతి ఎన్నాళ్లకు తెలుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. వాకిట్లో బండి పోతే పొద్దున్నే తెలుస్తుంది. తోటలో మోటారు పోతే నీళ్లు పెట్టడానికి వెళ్లిన రోజున గానీ తెలియదు. కొబ్బరికాయలు పోయాయన్న అనుమానం, నెలన్నరకో రెండు నెలలకో కాయలు కోసే దింపులో లెక్క తగ్గితే గానీ రాదు. తాళం వేసి పిల్లల దగ్గరికి వెళ్లిన ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు. అందుకే డెల్టా ఇంటికి పది రోజుల డిస్కు చాలదు. పైన చెప్పిన నాలుగు 2 మెగాపిక్సెల్ కెమెరాలకు 4 టీబీ పెడితే నలభై రోజులకు పైగా వస్తుంది. ఆ డిస్కు కూడా కెమెరాల కోసమే చేసినది ఉండాలి. కంప్యూటర్లకు వాడే మామూలు డిస్కును రాత్రీపగలూ ఆగకుండా రాయడానికి తయారుచేయరు.

ఇక వైఫై. వైరు లాగక్కర్లేదు, గోడకి చిల్లు పెట్టక్కర్లేదు కాబట్టి అందరికీ ముందు అదే గుర్తొస్తుంది. ఒక గది, ఒక వరండా వరకు దాన్ని తప్పుపట్టడానికి లేదు. ఇల్లు దాటి పెరట్లోకి, పశువుల పాక దాకా వెళ్లాలంటేనే చిక్కు. చవక వైఫై కెమెరాల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి. అందులో ఒకదానికొకటి అడ్డం రాని చానెళ్లు మూడే: 1, 6, 11. పక్కింటి వైఫైలు కూడా ఆ మూడిట్లోనే ఇరుక్కుని ఉంటాయి. పైగా వైఫైలో ఒక చానెల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి. కెమెరా అన్నది గంటకోసారి పలకరించి ఊరుకునే రకం కాదు, రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తుంది. సంక్రాంతికి కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు దిగి ఇరవై ఫోన్లు ఒకేసారి అదే రౌటర్‌ని పట్టుకుంటే కెమెరాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. కనుమనాడు అంతా జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు చూడ్డానికి వెళ్లి ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు, అవి తిరిగి కలిశాయో లేదో చూసేవాళ్లుండరు.

డెల్టాలో వైఫైకి ఇంకో శత్రువు పచ్చదనం. నీళ్లున్న ఆకు ఈ తరంగాలను మింగేస్తుంది. గాలిలో పడే వాన చినుకుల వల్ల ఇంటి వైఫైకి జరిగే నష్టం లెక్కలోకి రాదు, తడిసి బరువెక్కిన అరటాకులు అడ్డం ఉండటం వల్లే ఎక్కువ నష్టం. గెలలు కోసేసిన తోటలో, ఎండాకాలంలో కెమెరా బిగిస్తారు. ఫోన్లో సిగ్నల్ నిండుగా చూపిస్తుంది. పిలకలు లేచి, అరటి మనిషి ఎత్తు దాటి, వానలు పడ్డాక అదే కెమెరా రోజుకు పదిసార్లు తెగుతుంది. బిగించిన కుర్రాణ్ణి పిలిస్తే రౌటర్ మార్చమంటాడు. కొత్త రౌటర్ వస్తుంది, అరటి మాత్రం అక్కడే ఉంటుంది. పాత మండువా లోగిళ్లలో మందపాటి గోడలు, కొత్త డాబాల్లో ఇనప చువ్వల స్లాబు, టీవీ పక్కన రౌటర్‌ని ఆనుకుని ఉన్న ఇనప బీరువా, ఇవన్నీ దీనికి తోడు.

కాబట్టి ఎక్కడ వైరు లాగగలిగితే అక్కడ వైరే. దీనికి బలమైన కారణం సిగ్నల్ కూడా కాదు, కరెంటు. వైఫై కెమెరా అంటే వైరు లేని కెమెరా అనుకుంటారు గానీ దానికి కరెంటు వైరు తప్పదు. ప్రతి కెమెరా దగ్గర ఒక ప్లగ్గు, ఒక అడాప్టరు, వానకు తడవకుండా ఒక డబ్బా కావాలి. పీవోఈ పద్ధతిలో డేటా, కరెంటు రెండూ ఒకే నెట్‌వర్క్ వైరులో వెళ్తాయి. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం నెట్‌వర్క్ స్విచ్చి (కెమెరాల వైర్లన్నీ వచ్చి కలిసే డబ్బా) ఒక్కో పోర్టు మీద 15.4 వాట్లు ఇస్తుంది, వైరులో పోగా కెమెరా దగ్గర 12.95 వాట్లు అందుతాయి. మామూలు స్థిర కెమెరా రాత్రి ఐఆర్ లైట్లతో (చీకట్లో బొమ్మ కోసం కంటికి కనబడని వెలుగునిచ్చేవి) కలిపి వాడేది ఇందులో సగం లోపే. అటూ ఇటూ తిరిగే పెద్ద కెమెరాలకు 30 వాట్ల 802.3ఏటీ పోర్టు ఉంది. దీనివల్ల వచ్చే పెద్ద లాభం ఏమిటంటే కెమెరాలన్నిటి కరెంటూ ఒక్కచోటి నుంచే వస్తుంది. ఆ ఒక్కచోటికి బ్యాటరీ పెడితే కెమెరాలన్నిటికీ పెట్టినట్టే.

కానీ ఇదంతా వైరు మంచిదైతేనే. ఊళ్లలో బిగించే వైరు మీద ‘క్యాట్ 6’ అని నెట్‌వర్క్ వైరు రకం పేరు రాసే ఉంటుంది, లోపల మాత్రం అల్యూమినియం తీగకు రాగి పూత. నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది, రెండుసార్లు వంచితే విరుగుతుంది. పది మీటర్లకి తేడా తెలియదు. యాభై, అరవై మీటర్ల దగ్గర ఒక వింత కనబడుతుంది: కెమెరా పగలంతా శుభ్రంగా పనిచేసి, దీపాల వేళకి ఆరిపోతుంది, కాసేపటికి వెలిగి మళ్లీ ఆరిపోతుంది. చీకటి పడగానే ఐఆర్ లైట్లు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతాయి, ఆ నాసిరకం తీగలో వోల్టేజి పడిపోయి కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంది. కెమెరా పాడైందని కొత్తది కొంటే అదీ అలాగే చేస్తుంది. కొనే ముందు తీగ చివర బ్లేడుతో గీసి చూస్తే సరి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. 305 మీటర్ల డబ్బా చేత్తో ఎత్తి చూసినా రాగిదే బరువుగా ఉంటుంది.

బయట లాగే వైరుకు ఎండని తట్టుకునే నల్లటి పైతొడుగు ఉండాలి. గదుల్లో వాడే వైరు డాబా మీద ఎండలకు పెళుసెక్కి పగులుతుంది, వానాకాలంలో ఆ పగుళ్లలోంచి నీళ్లు తాగుతుంది. గోడలోకి దూరే ముందు వైరును కిందికి ఓ వంపు తిప్పి పైకి తెస్తే, జారిన వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. కెమెరా డబ్బాలో తొడుగు లాంటి చిన్న ప్లాస్టిక్ సామాను ఉంటుంది, జాయింటులోకి తడి వెళ్లకుండా బిగించేది. చాలా ఇళ్లలో అది డబ్బాలోనే ఉండిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఆ జాయింటు పిన్నులు ఏడాది తిరక్కుండానే చిలుం పట్టి పచ్చబడతాయి. ఎలకల సంగతి వేరే చెప్పాలా, ధాన్యం ఉన్న ఇంట్లో వైరు పీవీసీ గొట్టంలోనే పోవాలి. కరెంటు వైర్లు పోయే గొట్టంలో మాత్రం దీన్ని కలపకూడదు.

దూరం విషయానికొస్తే, రాగి నెట్‌వర్క్ వైరుకు హద్దు 100 మీటర్లు. కొత్తపేట చుట్టుపక్కల మామూలుగా ఉండే ఇల్లు ఒకటి ఊహించుకుందాం. రోడ్డు వైపు గేటు, లోపల డాబా, వెనక పెరడు, పశువుల పాక, ఆ తర్వాత కొబ్బరి తోట, తోట చివర కాలవ గట్టు మీద మోటారు షెడ్డు. ఎన్వీఆర్ డాబా మీది గదిలో. గేటు కెమెరాకి గోడ వెంట తిప్పుకుంటూ 35 మీటర్లు, వరండాకి 15, పాకకి 60. ఈ మూడూ పీవోఈ వైరుతో తేలిగ్గా అయిపోతాయి. మోటారు షెడ్డు నేరుగా చూస్తే 120 మీటర్లు, వైరు తిరిగే దారిలో 150. ఇక్కడ చాలామంది మధ్యలో ఇంకో స్విచ్చి పెట్టి, దాన్ని కొబ్బరి చెట్టుకు కట్టేస్తారు. చెట్టు గాలికి ఊగుతుంది, దింపు తీసేవాళ్లు ఎక్కుతారు, మట్టలు రాలతాయి. ఆ ఏర్పాటుకు ఆయుష్షు ఒక వానాకాలం.

అక్కడ కావాల్సింది ఫైబర్. ఇంటికి నెట్ తెచ్చే సన్నటి నల్ల తీగ లాంటిదే, రెండు చివర్లా చిన్న కన్వర్టర్ డబ్బాలు. షెడ్డులో మోటారుకి ఎలాగూ కరెంటు ఉంటుంది, ఫైబర్‌లో కరెంటు వెళ్లదు కాబట్టి అక్కడి కెమెరాకి అదే ఆధారం, బ్యాటరీ కూడా అక్కడే వేరే పెట్టాలి. దూరం కంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. డెల్టాలో పిడుగులు ఎక్కువగా పడేది కొబ్బరి చెట్ల మీదే. దగ్గర్లో పిడుగు పడితే చాలు, తోట నుంచి ఇంట్లోకి లాగిన రాగి తీగ ఆ దెబ్బని తిన్నగా ఎన్వీఆర్ దాకా తెస్తుంది, ఒకోసారి దానికి తగిలించిన టీవీ దాకా. ఫైబర్ గాజు కాబట్టి దానిగుండా కరెంటు రాదు, లోపల ఇనప తీగ ఊతం ఉన్న రకమైతే ఆ తీగని బయటే కత్తిరించెయ్యాలి. తోట దాటి ఇంకో కట్టడానికి వెళ్లే ప్రతి తీగా ఫైబరే కావాలన్నది కాస్త ఖర్చయినా పాటించదగ్గ నియమం. ఇంటి ఎర్తింగు సరిగా లేకపోతే పిడుగు రక్షణ డబ్బాలు ఎన్ని కొన్నా దండగే.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల దగ్గర లెక్క మారుతుంది. అక్కడ అర కిలోమీటరు, కిలోమీటరు దూరం, మధ్యలో నీళ్లు, అడ్డం చెట్లుండవు. కంటికి ఎదురుగా కనబడే చోటికి 5 గిగాహెర్ట్జ్ మీద ఎదురెదురు యాంటెన్నాలు పెట్టి ఇంటి నెట్‌వర్క్‌ని చెరువు గట్టు దాకా లాగొచ్చు. పరిమితమైన పవర్‌తో ఈ బ్యాండు వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేకుండా 2018లో కేంద్రం వెసులుబాటు ఇచ్చింది. అదీ కుదరకపోతే 4జీ సిమ్ కెమెరా. ఇక్కడే లెక్క తప్పుతుంటారు. 2 మెగాబిట్ల బొమ్మను ఆపకుండా పంపితే రోజుకు 1.5 జీబీ ప్యాకు గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది. తెల్లారి ఐదింటికి మేత వేసేవాళ్లు వచ్చారో లేదో చూసుకుందామంటే డేటా ఉండదు. అలాంటి కెమెరాలో రికార్డింగు లోపలి కార్డులోకే వెళ్లాలి, సిమ్ మీద చిన్న బొమ్మనే, అదీ చూసినప్పుడే పంపాలి. అర మెగాబిట్ చిన్న బొమ్మయితే అదే ప్యాకు ఆరు గంటలకు పైగా వస్తుంది.

కరెంటు లెక్క ఎవరూ వెయ్యరు గానీ, చూస్తే ఆశ్చర్యంగా చిన్నది. నాలుగు కెమెరాలకు ఆరేసి వాట్ల చొప్పున 24, ఎన్వీఆర్, డిస్కు కలిపి 20, ఫైబర్ డబ్బా, రౌటర్ 15. మొత్తం 60 వాట్ల లోపు, పాత సీలింగ్ ఫ్యాను వాడే దానికంటే తక్కువ. ఇంట్లో ఇన్వర్టరుకు ఉండే 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-గంటలుంటాయి. సగమే చేతికొస్తుందనుకున్నా ఈ బరువు ఒక్కటే అయితే పదిహేను గంటలు లాగుతుంది. కానీ ఉక్కపోత రాత్రి అదే బ్యాటరీ మీద మూడు ఫ్యాన్లు, లైట్లు, టీవీ నడుస్తాయి. తెల్లవారుజామున మూడింటికి బ్యాటరీ దిగిపోతుంది, అంతటితో కాపలా కూడా. ఇల్లంతా నడిచే ఇన్వర్టరు మీద ఆధారపడకుండా కెమెరాలకి వేరే చిన్న యూపీఎస్, దానికి సరిపడా బ్యాటరీ పెట్టడమే తెలివైన పని. పెద్ద ఇన్వర్టరే వాడాల్సి వస్తే దాని మీద ‘యూపీఎస్ మోడ్’ స్విచ్చి ఉందేమో చూసి అందులో పెట్టాలి. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ మారే ఆ రెప్పపాటులో ఎన్వీఆర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, ఆ దెబ్బలకి డిస్కు త్వరగా పోతుంది.

ఇంట్లో ఎంత బ్యాటరీ ఉన్నా నెట్ ఉంటుందన్న హామీ లేదు. ఇంటికీ ఆపరేటరుకీ మధ్య ఉండే, ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకు పంచే స్ప్లిట్టరుకు కరెంటు అక్కర్లేదు, కానీ ఆపరేటరు గదిలోని యంత్రానికి కావాలి. ఏపీ ఫైబర్‌నెట్ సహా ఊళ్లలోకి వచ్చిన ఫైబర్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది. స్తంభం పడితే రెండూ పోతాయి. రికార్డింగు ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు ఇంటర్నెట్ తగిలించవచ్చు. వెనక పీవోఈ పోర్టులున్న ఎన్వీఆర్ కొంటే సగం పని దానంతటదే అవుతుంది. ఆ పోర్టులకు పెట్టిన కెమెరాలకు ఎన్వీఆరే వేరే అడ్రసుల వరస ఇచ్చుకుంటుంది, ఇంటి వైఫై వైపు అవి కనబడవు, నేరుగా ఇంటర్నెట్‌లోకీ వెళ్లవు. రౌటర్‌కి ఎన్వీఆర్ నుంచి ఒక్క వైరే వెళ్తుంది. పెద్ద స్విచ్చిలు పెట్టి వీల్యాన్లు (ఒకే నెట్‌వర్క్‌లో వేర్వేరు భాగాలు) చేయడమన్నది పది, పదిహేను కెమెరాలున్న రైస్ మిల్లుకి గానీ మామూలు ఇంటికి అక్కర్లేదు. ఎన్వీఆర్ ఒక కంపెనీది, కెమెరాలు ఇంకో కంపెనీవి అయితే మాత్రం రెండింటి మీదా ఆన్‌విఫ్ గుర్తు చూసుకోవాలి. వేర్వేరు కంపెనీల సామాను ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడానికి 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి మొదలుపెట్టిన ప్రమాణం అది.

బయట నుంచి చూసే దారి దగ్గర జాగ్రత్త పడాలి. పాత పద్ధతి రౌటర్‌లో పోర్టు, అంటే బయటి నుంచి లోపలికి దారి, తెరవడం, దాని పేరు పోర్ట్ ఫార్వర్డింగ్. వీధి తలుపు తీసి పెట్టి, లోపల తాళం ఉందిలే అనుకోవడం లాంటిదది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలా బయటికి కనబడే కెమెరాలు, డీవీఆర్‌ల (పాత రకం రికార్డర్ల) మీద ఫ్యాక్టరీలో పెట్టిన పేర్లు, పాస్‌వర్డులు ఓ అరవై జతల దాకా ప్రయత్నించి, లక్షల పరికరాలను లోబరుచుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటితోనే, వెబ్‌సైట్ల పేర్లకు అడ్రసులు చూపించే డైన్ అనే సంస్థ మీద దాడి జరిగి, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. దాడి చేసిన కెమెరాల యజమానుల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు. మన దేశంలో కూడా సీసీ కెమెరాల భద్రతకు తప్పనిసరి పరీక్షలు పెడుతూ 2024 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి తెచ్చారు. అంతకు ముందు కొన్న పాత సరుకు ఇంకా గోడల మీద ఉంది. అందుకని బిగించిన రోజునే పాస్‌వర్డు మార్చాలి, బిగించిన కుర్రాడి ఎదుట కాకుండా ఆయన వెళ్లాక ఇంకోసారి మార్చాలి. ఆయన మీద అనుమానంతో కాదు, ఊళ్లో నలభై ఇళ్లకి ఒకే పాస్‌వర్డు పెట్టే అలవాటు చాలామందికి ఉంది కనుక.

నిజానికి పోర్టు తెరుద్దామన్నా చాలా కనెక్షన్లలో ఇప్పుడు కుదరదు. ఐపీవీ4 అనే పాత పద్ధతి ఇంటర్నెట్ అడ్రసులు అయిపోవడంతో కంపెనీలు ఒక్కో అడ్రసును చాలా ఇళ్లకు పంచుతున్నాయి. రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రసు (బయటి నెట్ వైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే ఆ ఇల్లు అలాంటి పంపకంలో ఉన్నట్టే, ఎన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు. ఇదొక విధంగా మేలే. ఎన్వీఆర్ కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ కొట్టి చూసే పద్ధతిలో ఎన్వీఆరే లోపలి నుంచి బయటికి పలకరిస్తుంది కాబట్టి ఈ అడ్డం తగలదు. కంపెనీ సర్వరును నమ్మడం ఇష్టం లేనివాళ్లు ఇలాగే లోపలి నుంచి కలిసే రకం వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌కి సొంత రహస్య దారి) పెట్టుకోవచ్చు. యాప్ అయితే రెండో అంచె ఓటీపీ పెట్టుకుని, చూసే హక్కు ఇద్దరు ముగ్గురికే ఇవ్వాలి. బొమ్మ నెమ్మదిగా వస్తోందంటే ముందు చిన్న బొమ్మకి మార్చి చూడాలి, ప్లాన్ పెంచడం తర్వాత సంగతి.

గడియారాన్ని అందరూ మర్చిపోతారు. చైనాలో తయారైన కెమెరాలు చాలావాటిలో మొదట బీజింగ్ టైమ్ ఉంటుంది, మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి రెండింటికి జరిగిన దొంగతనం రికార్డింగులో నాలుగున్నరకి కనబడుతుంది. అలాంటి ఫుటేజీతో పోలీస్ స్టేషన్‌కి వెళ్తే మొదటి ప్రశ్న దగ్గరే తడబడాలి. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా కావాలి, టైమ్ తప్పున్న రికార్డును సమర్థించుకోవడం కష్టం. ఎన్వీఆర్ టైమ్ సరిచేసి, కెమెరాలన్నీ ఎన్వీఆర్ నుంచే టైమ్ తీసుకునేలా పెడితే నెట్ లేని రోజున కూడా తేడా రాదు.

కెమెరా ఎటు చూడాలన్నది సాంకేతిక విషయంలా కనబడదు గానీ డెల్టాలో గొడవలు మొదలయ్యేది అక్కడే. కాలవ గట్టు ఇళ్లకు ఎదురుగా రేవు ఉంటుంది. ఆడవాళ్లు బట్టలు ఉతుక్కునే, స్నానాలు చేసే చోటు. మోటారు షెడ్డు కోసం పెట్టిన కెమెరాలో రేవు కూడా పడితే దాని మాట ఊరంతా పాకుతుంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, ఐటీ చట్టం 66ఈ సెక్షన్ ఇలాంటి చిత్రీకరణను నేరంగా చూస్తాయి. ఇంటి అవసరానికి వ్యక్తులు వాడుకునే సమాచారానికి 2023 డేటా రక్షణ చట్టంలో మినహాయింపు ఉందన్న ధీమా ఇక్కడ అక్కరకు రాదు. ఎన్వీఆర్‌లో ప్రైవసీ మాస్క్ అని ఒక సదుపాయం ఉంటుంది, రేవు పడిన చోట నల్ల పట్టీ గీస్తే అక్కడి బొమ్మ రికార్డే కాదు. పక్కింటి పెరటికీ ఇదే మందు.

రాత్రిపూట ఐఆర్ వెలుగుకు పురుగులు, వాటి కోసం సాలీళ్లు చేరతాయి. లెన్సుకు అడ్డంగా ఊగే ఒక్క సాలెపోగు చాలు, ఫోన్ రాత్రంతా మోగుతూనే ఉంటుంది. నాలుగు రోజులకి విసుగెత్తి అలర్టులు ఆపేస్తారు. పదిహేను రోజులకోసారి పొడుగు కర్రకి గుడ్డ కట్టి తుడవడానికి మించిన పరిష్కారం ఇంకా రాలేదు. ఇల్లు నెలల తరబడి తాళంలో ఉంటే అదీ కుదరదు. అలాంటప్పుడు ఊరెళ్లే ముందు చెబితే పోలీసులే ఇంట్లో కెమెరా పెట్టి నిఘా ఉంచే ఎల్‌హెచ్‌ఎంఎస్ సేవ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, దాన్ని వాడుకోవచ్చు.

చివరగా ఎన్వీఆర్ ఎక్కడ పెట్టాలి? హాల్లో టీవీ కింద పెడితే దొంగకి ముందు కనబడేది అదే. అటక మీద పెడితే పెంకుల వేడి, ఎలకలు. లంక గ్రామాల్లో వీటన్నిటికంటే ముందు చూడాల్సింది గోడ మీది వరద గుర్తు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఆ ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే నీళ్లు ఎంతవరకు వచ్చాయో చేత్తో చూపిస్తారు. ఎన్వీఆర్, స్విచ్చి, యూపీఎస్ మూడూ ఆ చెయ్యి చూపించిన దానికంటే పైన, గాలాడే గదిలో, తాళం వేసిన చిన్న ఇనప పెట్టెలో ఉండాలి.

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చే ముందు ఒక పరీక్ష మిగిలింది. బిగించిన మనిషిని టీ తాగమని కూర్చోబెట్టి, మెయిన్ స్విచ్చి కట్టేసి, ఫైబర్ డబ్బా ప్లగ్గు కూడా పీకేయాలి. ఫోన్లో కెమెరాలు పోతాయి, అది మామూలే. గేటు దగ్గరికి ఒకసారి, పాక దగ్గరికి ఒకసారి, మోటారు షెడ్డు దాకా ఒకసారి నడిచి రావాలి. గంటాగి అన్నీ తిరిగి వేసి, ఆ గంట రికార్డింగు తీసి చూడాలి. మూడుచోట్లా ఆ నడక, సరైన టైముతో కనబడితే మిగతా డబ్బు ఇచ్చేయొచ్చు.